ఎడమవైపు కిటికీ

జనవరి 9

ఒరే తమ్ముడూ,

కొత్త సంవత్సరం వచ్చి తొమ్మిది రోజులైంది, నీ నుంచి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే "ఆఁ? ఆఁ?" అని రెండుసార్లు అని పెట్టేస్తావు. నీతో ఫోన్‌లో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే కాబట్టి మళ్ళీ కాగితమే గతి. అచ్చుయంత్రం పక్కన ముప్పై ఏళ్ళు నిలబడి చెవులు పోగొట్టుకున్నావు, సరే. కళ్ళున్నాయి కదా, చదువు.

నా దగ్గరుండే అమ్మని ఆ వృద్ధుల హోమ్‌లో చేర్చి ఎనిమిది నెలలైంది. రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. నేను షాపు మూసి సాయంత్రం ఐదున్నరకి వెళ్తాను. రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్ళకి కళ్ళజోళ్ళు పెట్టి "ఇప్పుడు బాగా కనిపిస్తోందా అండీ" అని అడుగుతాను. సాయంత్రం అమ్మ దగ్గర కూర్చుని "నేనెవర్నమ్మా" అని అడుగుతాను. "పెద్దదానివి, ఇంకెవరు" అని విసుక్కుంటుంది. ఆ విసుగు విని బస్సెక్కుతాను. ఇంటికొచ్చి తాళం తీస్తే లోపల ఎవరూ ఉండరు. మీ బావ పోయాక నన్ను వరస పెట్టి పిలిచే మనిషి ఈ ఊళ్ళో అమ్మ ఒక్కతే. రోజుకోసారి "పెద్దదానా" అనిపించుకుంటే నాకు ఆ రోజు గడుస్తుంది.

ఈమధ్య అమ్మ నిలవడం లేదు. మధ్యాహ్నం నాలుగు కొట్టగానే లేచి "పని మిగిలిపోయింది, నా గదికి పోవాలి" అంటూ మెట్ల వైపు నడుస్తోంది. ఆపితే తోస్తోంది. చేతులు ఊరుకోవు. దుప్పటి అంచు మడిచి ఎడమచేతి గోటితో గీస్తూ ఉంటుంది, బైండింగుకి కాగితాలు మడిచినట్టే. నాన్న పోయాక ఆ చేతులే కదా మనిద్దరినీ సాకింది. ఇప్పుడు వాటికి పని లేదు. డాక్టరు పై అంతస్తుకి మార్చాలంటున్నాడు. పైనంటే తలుపుకి తాళం వేసే వార్డు. మనవాళ్ళని వారానికి రెండు రోజులే లోపలికి పంపుతారు. అమ్మ నన్ను మర్చిపోవడానికి అక్కడ ఒక్క నెల చాలు.

ఈలోగా ఇక్కడికి ఒక కొత్త వైద్యం వచ్చింది. వీఆర్ అంటారు. కళ్ళకి ఒక పెట్టె లాంటిది కడతారు. అందులో వీడియో కనిపిస్తుంది, కానీ టీవీలోలా ఎదురుగా కాదు. తల ఎటు తిప్పితే అటు కనిపిస్తుంది, మనం ఆ చోటులోనే కూర్చున్నట్టు. రైల్వేలో గార్డుగా చేసిన పెద్దాయన ఒకడున్నాడు, మూడు నెలలుగా నోరు విప్పలేదు. ఆయనకి స్టేషను చూపించారు. చెయ్యెత్తి జెండా ఊపినట్టు ఊపాడట. ఆ సాయంత్రం కూతురితో కలిసి అన్నం తిన్నాడు. ఆ కూతురు బయటికొచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది. నాకు కుళ్ళు పుట్టింది, చెప్పకేం.

థెరపీ చేసే అమ్మాయి అమ్మకి తన గదే చూపిద్దామంటోంది. మూడుసార్లు చూపిస్తారు. మనిషి నెమ్మదిస్తే రెండో అంతస్తులోనే ఉంచుతారు, లేకపోతే పైకి పంపుతారు. వాళ్ళ కెమెరా పార్సిల్ చేస్తున్నాను. గది మధ్యలో స్టాండు మీద పెట్టి, బటన్ నొక్కి, నువ్వు బయటికి వెళ్ళిపోవాలి. లేదంటే నువ్వూ పడతావు. పది నిమిషాలు చాలు.

నువ్వు పనిచేసిన అచ్చు ప్రెస్సు మూతపడ్డా దాని పైన మనం పెరిగిన అమ్మ బైండింగు గది తాళం వేసి అలాగే ఉంచానని ప్రతి ఉత్తరంలో రాస్తావు. నేను ఆవిడకి చదివి వినిపిస్తాను. ఇన్నాళ్ళకి ఆ తాళం తీసే పని పడింది. దుమ్ము దులుపు, కానీ ఏదీ కదపకు.

నీ అక్క


జనవరి 18

అక్కకి,

ముందు నమస్కారం. పెట్టకపోతే తర్వాతి ఉత్తరంలో సగం దానికే పోతుంది.

కెమెరా అందింది. ముందో కన్ను, వెనకో కన్ను. బల్ల మీద పెడితే నేను ఎటు వెళ్ళినా నన్నే చూస్తోంది. తువ్వాలు కప్పి భోంచేశాను.

నా సంగతులు పెద్దగా లేవు. స్కూల్లో ప్రశ్నపత్రాలు తీసే మిషను దగ్గర వారానికి మూడు రోజులు కూర్చుంటున్నాను. మిగతా నాలుగు రోజులు నాతో ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా నాకు వినిపించదు కాబట్టి లెక్క సరిపోయింది. వాటా అవతలివాళ్ళ పిల్లి ఒకటి అలవాటైంది. అది నోరు తెరుస్తుంది, అరిచిందనుకుంటాను.

అక్కా, గది విషయం. ఐదేళ్ళుగా మూసి ఉన్న గది. చెద పట్టి ఉంటుంది, గోడలు పెచ్చులూడి ఉంటాయి. ఆవిడ అలా చూస్తే బాధపడదూ? దానికి బదులు ఏ సముద్రమో, పూలతోటో తీసి పంపనా? మనసుకి హాయిగా ఉంటుంది. ఆ అమ్మాయిని అడిగి చూడు. అందాకా కెమెరా నా దగ్గర భద్రంగా ఉంటుంది.

అమ్మ నా గురించి అడుగుతోందా?

తమ్ముడు


జనవరి 26

తమ్ముడూ,

సముద్రమట. అమ్మ పుట్టి బుద్ధెరిగి సముద్రం చూసిందా? పూలతోటలో కూర్చోబెడితే "ఇక్కడేం పని నాకు" అని లేచి వస్తుంది. ఆవిడకి కావలసింది ఆ బల్ల, ఆ జిగురు గిన్నె, ఆ బైండింగు ప్రెస్సు చక్రం. నీకు మెట్లెక్కడానికి బద్ధకమైతే బద్ధకమని చెప్పు, అమ్మ మనసు మీదికి నెట్టకు.

నిన్న మెట్ల దగ్గర పడబోయింది. వార్డు ఆయమ్మ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఫిబ్రవరి మధ్యలోపు వీడియో వస్తేనే ఆగుతానన్నాడు డాక్టరు.

నీ గురించి రోజూ అడుగుతుంది. "వాడు తిన్నాడా" అంటుంది. తిన్నాడమ్మా అంటాను. తింటున్నావు కదా?

అక్క


ఫిబ్రవరి 7

అక్కా,

తిట్లు అందాయి, రుచిగా ఉన్నాయి.

గది తీశాను. కెమెరా ఈ ఉత్తరంతో పాటే వస్తుంది. నాలుగు రోజులు పట్టింది. నేల కడిగి, బల్ల తుడిచి, అట్టలు సైజుల వారీగా పేర్చాను. నల్ల బైండింగు గుడ్డ చుట్ట గోడకి ఆనించాను. మైదాపిండి ఉడికించి గిన్నెలో జిగురు కూడా పోశాను, వాసన రాదని తెలిసినా. సగం కుట్టిన రిజిస్టరు ఒకటి బల్ల మీద ఉంచి సూది గుచ్చి వదిలాను, ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

బటన్ నొక్కి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పది నిమిషాలు. లోపల అమ్మ పని చేసుకుంటోంది, నన్ను అల్లరి చెయ్యొద్దని బయటికి పంపింది అనిపించింది. నవ్వకు. ఈ నాలుగు రోజులూ నాకు తోడు ఉన్నట్టే ఉంది. కెమెరా తీసేసి తలుపు వేశాక ఆ ఇంట్లోంచి మా ఇంటికి నడవడానికి కాళ్ళు రాలేదు.

ఆవిడ ఏమందో రాయి. వెంటనే రాయి.

తమ్ముడు


ఫిబ్రవరి 16

బంగారు తమ్ముడూ,

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ముందు నేనే ఆ పెట్టె కట్టించుకుని చూశాను. ఒరే, ఎంత బాగా ఉంచావురా గదిని. పంతొమ్మిదేళ్ళకి పెళ్ళి చేసుకుని ఆ మెట్లు దిగినదాన్ని, ముప్పై ఆరేళ్ళ తర్వాత మళ్ళీ అందులో కూర్చున్నాను. అట్టల కింద దాక్కునేదాన్ని గుర్తుందా? ఆ అమ్మాయి పెట్టె విప్పేసరికి నా మొహమంతా తడి. అద్దాలు తుడుచుకోవడం నా వృత్తి కాబట్టి నేనే తుడిచి ఇచ్చాను.

తర్వాత అమ్మకి కట్టారు. మొదట కదలకుండా కూర్చుంది. తల మెల్లగా తిప్పింది.  "ఇదెవరి గది?" అంది.

"నీదేనమ్మా" అన్నాను.

"కాదు."

"నీ బల్ల చూడు, నీ ప్రెస్సు చూడు."

"బల్ల బల్లే. గది నాది కాదు. ఇక్కడ కూర్చుని ఎవరు కుడతారు?" అని ఎడమచెయ్యి గాల్లో ఊపింది, ఏదో పక్కకి తోస్తున్నట్టు. "వాళ్ళెవరో వచ్చి మనల్ని తిడతారు, లే, పోదాం" అంటూ పెట్టె పీకేసుకుంది.

థెరపీ అమ్మాయి పుస్తకంలో రాసుకుంది. మొదటిసారి కొందరు బెదురుతారట, కంగారు పడొద్దంది. నేను పడలేదు. కొంచెం పడ్డాను.

రెండోసారి వచ్చే వారం.

నీ అక్క


ఫిబ్రవరి 23

అక్కా,

ఆ అద్దాల్లో అన్నీ కాస్త వంకరగా కనిపిస్తాయేమో. నువ్వు చూసినప్పుడు సరిగ్గానే ఉంది కదా? అమ్మకి కళ్ళ ఆపరేషన్ అయ్యాక వెలుగు తట్టుకోలేదు, అదీ కావచ్చు. ఒకవేళ ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యొద్దు. ఆపేయమని చెప్పు. ఆ వైద్యం అందరికీ పడాలని లేదు కదా.

ఇక్కడ చలి తగ్గింది. పిల్లి రావడం లేదు.

తమ్ముడు


మార్చి 2

తమ్ముడూ,

ఆపేయమంటావేమిటి? ఆపితే పై అంతస్తే. నీకు ఊరికే రాయడం తేలిక.

రెండోసారి ఇంకా ఘోరం. పెట్టె కట్టగానే "మళ్ళీ ఆ దొంగ గదేనా" అంది. ఆ అమ్మాయి ఓపికగా "ఏం తేడా ఉందండీ" అని అడిగింది. అమ్మ స్పష్టంగా చెప్పింది: "వెలుగు ఎడమవైపు నుంచి వస్తోంది. నాది ఎడమచేతి వాటం. చేతి నీడ కుట్టు మీద పడితే సూది ఎక్కడ దిగుతుందో కనిపిస్తుందా? నా కిటికీ కుడివైపు." ఇంత పొడవైన మాట ఈ ఆరు నెలల్లో అనలేదు. ఆ అమ్మాయి మురిసిపోతుందనుకున్నాను. కానీ తన పుస్తకంలో "కుడి ఎడమల స్పృహ తగ్గుతోంది" అని రాసింది. నేను పక్కనుంచి చదివాను. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తే తలకిందుల రాత చదవడం వస్తుంది.

నేను కూడా అన్నాను, "అమ్మా, తమ్ముడే తీసి పంపాడు, వాడు అబద్ధం చెబుతాడా" అని. అమ్మ నా మొహంలోకి చూసింది. మన చిన్నప్పుడు ఎవరైనా కుట్టు ఊడిన రిజిస్టరు తెచ్చి "మీరు కుట్టిందే" అంటే ఎలా చూసేదో అలా చూసింది.

నాకొక ఉపకారం చెయ్యి. నీ చేత్తో అమ్మకి నాలుగు ముక్కలు రాయి, అది నీ గదే అని. నా మాట కొట్టేస్తుంది గానీ నీ మాట వింటుంది, చిన్నప్పట్నుంచీ అంతే కదా. మూడోసారి ముందు చదివి వినిపిస్తాను.

నీ అక్క


మార్చి 9

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కింది ముక్క అమ్మకి.

అమ్మా, నేను. బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను. నువ్వు చూసింది నీ గదే. నేనే తాళం తీసి, నేనే తుడిచాను. అక్క మాట నమ్ము. నీ కొడుకు.

అంతే. ఇంతకన్నా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

తమ్ముడు


మార్చి 17

తమ్ముడూ,

నీ ముక్క అమ్మకి చదివి వినిపించాను.  "వాడూ వీళ్ళతో కలిశాడా" అంది. అంతే.

పెట్టె కట్టబోతే ఆ అమ్మాయి చేతిని కొట్టింది. ఆయమ్మని గిల్లింది. నేను వెళ్ళి పట్టుకుని "అమ్మా, నేనమ్మా, పెద్దదాన్ని" అన్నాను. నా చేతులు విడిపించుకుని, చీర సర్దుకుని, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా అంది: "మీరెవరండీ? మా పెద్దది నాతో ఇలా చెప్పదు. మా పిల్లలు అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. మీరు వెళ్ళండి."

మీరు అంది రా. నన్ను.

కొట్టినా బాగుండేది. మర్నాడు వెళ్ళాను, మీరే. ఆ మర్నాడు వెళ్ళాను, మీరే. కుర్చీ చూపించి "కూర్చోండి, ఎవరి తాలూకు" అని అడుగుతుంది. ఎవరి తాలూకునని చెప్పను?

నిన్న పైకి మార్చేశారు. కాగితం మీద నేనే సంతకం పెట్టాను. కారణం దగ్గర "సొంత గదిని, దగ్గరివాళ్ళని గుర్తించలేకపోవడం, దూకుడు" అని రాశారు. ఇకనుంచి బుధవారం, ఆదివారం. గంటసేపు.

మిగతా ఐదు సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియక నిన్న షాపు మూయకుండా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. పరీక్ష చేసే అక్షరాల బోర్డు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. నీకు ఇది రాసేముందు అద్దం దగ్గర నిలబడి "పెద్దదానా" అని నన్ను నేనే పిలిచి చూసుకున్నాను. బాగాలేదు.

నువ్వు ప్రయత్నం చేశావు. నీ తప్పేం లేదు. ఆ రోగమే అంత.

అక్క


మార్చి 23

అక్కా,

"నీ తప్పేం లేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. రెండు రోజులుగా అక్కడే ఉన్నాను. గుమ్మడికాయల దొంగ అనకుండానే భుజాలు తడుముకుంటున్నాను. ఇక దాచలేను.

ఆ గది అమ్మది కాదు.

అమ్మ గది లేదు. ప్రెస్సు మూసిన ఏడాదికే ఓనరు మేడ మొత్తం అమ్మేశాడు. నెల గడువిచ్చారు. అప్పటికి నాకు చెవులు పూర్తిగా పోయాయి, ఉద్యోగం లేదు, మంచం మీంచి లేవడమే కష్టంగా ఉండేది. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ గడువు దాటబెట్టాను. వెళ్ళేసరికి పైకప్పు లేదు. బైండింగు ప్రెస్సు, కత్తెర మిషను పాత ఇనుముకి వెళ్ళిపోయాయి. బల్ల ముక్కలైంది. సరిగ్గా ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది, "గదికి తాళం వేశాడా అని అమ్మ అడుగుతోంది" అని. వేశానని రాశాను. ఒక్క మాటే కదా అనుకున్నాను. తర్వాత ప్రతి ఉత్తరంలో అడిగింది, ప్రతి ఉత్తరంలో వేశాను. నాలుగేళ్ళుగా లేని తలుపుకి తాళం వేస్తున్నాను.

నువ్వు కెమెరా పంపాక మూడు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. మన మేడకి ఎదురు వరసలో కాగితాల షాపు ఉంది చూడు, దాని పైన గది ఖాళీగా ఉంది. షాపాయన నాలుగు రోజులు వాడుకోమన్నాడు. మూసేసిన బైండింగు షెడ్డొకటి వెతికి అక్కణ్ణించి బల్ల, ప్రెస్సు బండి మీద తెచ్చాను. కొలతలన్నీ నాకు గుర్తే. ఒక్కటే కుదరలేదు. ఎదురు వరస కాబట్టి వీధి కిటికీ బల్లకి ఎడమవైపు పడింది. బల్లని తిప్పుదామంటే తలుపు తెరుచుకోదు.

నాకు తెలుసక్కా. ఎడమచేతి వాటానికి వెలుగు కుడివైపు ఉండాలని ఆవిడే నాకు నేర్పింది. చూశాను, తెలిసింది, అయినా బటన్ నొక్కాను. ఎందుకంటే మనసులో ఒక మాట అనుకున్నాను. నువ్వు రోజూ నేనెవర్నని అడిగితే గానీ కన్నకూతుర్ని పోల్చుకోలేని మనిషి కిటికీ ఏ వైపుందో చూస్తుందా అనుకున్నాను. నా జీవితంలో అమ్మని ఇంత మాట ఎప్పుడూ అనలేదు.

ఆవిడ చెప్పిందంతా నిజం. మనం అందరం కలిసి కాదన్నాం. ఆపేయమని రాశానే గానీ ఎందుకో రాయలేదు. నువ్వు అడగ్గానే నా చేత్తో మళ్ళీ రాసిచ్చాను. అమ్మకి నీ మీద నమ్మకం పోగొట్టింది రోగం కాదు, నేను.

తిట్టు, ఉత్తరాలు మానెయ్యి, ఏమైనా చెయ్యి. ముందు మాత్రం అమ్మకి చెప్పు, డాక్టరుకి చెప్పు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు.

తమ్ముడు


ఏప్రిల్ 6

తమ్ముడూ,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. చదివి మడిచి డ్రాయరులో పెట్టి, ముగ్గురికి కళ్ళజోళ్ళు అమ్మాను. నాలుగో మనిషి "ఏమండీ, ఒంట్లో బాగాలేదా" అని అడిగాడు.

నిన్ను చాలా తిట్టాను, గట్టిగా, ఇంట్లో ఒక్కదాన్నే. ఇక్కడ మళ్ళీ రాయను, కాగితం చాలదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఆ గదిలో పంతొమ్మిదేళ్ళు పెరిగినదాన్ని. మతి స్థిమితంగా ఉన్నదాన్ని. నేను చూసి ఏడ్చాను, అదే అని ఒట్టేశాను. గదిని గుర్తుపట్టలేనిది నేను. ఆ కాగితం మీద నా పేరు రాయాల్సింది.

డాక్టరుకి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. థెరపీ అమ్మాయి తన పుస్తకం తెరిచి, రాసిన మూడు పేజీలూ చూసి, "తప్పు గది చూపించి ఆవిడకి తప్పులు వేశానండీ" అని మొహం దించుకుంది. చిన్నపిల్ల, దాన్నేమనను. కానీ కింద మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. ఖాళీ అయితే చూద్దామన్నారు.

ఆదివారం పైకి వెళ్ళాను. అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. "ఎవరండీ" అంది. కూతుర్నని చెబితే మొదటి మాటకే నమ్మకం పోతుందని భయమేసింది. అందుకని నేనూ "మీరు" అన్నాను. కన్నతల్లిని మీరు అనడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. తెలుసుకోవాలి నువ్వు.

"మీకొక మాట చెప్పడానికి వచ్చానండీ. ఆ పెట్టెలో చూపించింది మీ గది కాదు."

ఇటు తిరిగింది. "కాదు కదా?"

"కాదు. కిటికీ ఎడమవైపు ఉంది."

"నేను చెప్పాను. ఎవరూ వినలేదు."

"వినకపోవడం మాదే తప్పు."

"మరి నా గది ఏమైంది?"

తమ్ముడూ, అక్కడ నీ మాటే నా నోటిదాకా వచ్చింది. తాళం వేసి భద్రంగా ఉంది అనడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. నీ మీద కోపం కొంచెం తగ్గింది కూడా అప్పుడే. అయినా చెప్పాను. "లేదండీ. మేడ కూల్చేశారు. నాలుగేళ్ళయింది."

తన చేతులు చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పడలేదు. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుని అడిగింది: "ఆ గదిలో మా పిల్లలిద్దరు ఉండేవాళ్ళు. ఒకతి అట్టల కింద దాక్కునేది. కూల్చినప్పుడు వాళ్ళు లోపల లేరు కదా?"

"లేరండీ. ఇద్దరూ బయటికి వచ్చేశారు."

"మీరు చూశారా?"

"చూశాను."

గంట అయిపోయింది. లేస్తుంటే ఆయమ్మని పిలిచి చెప్పింది: "ఈవిడ ఎవరో నాకు తెలియదు. కానీ అబద్ధం చెప్పదు. వచ్చినప్పుడల్లా లోపలికి రానివ్వండి."

బుధవారం వెళ్ళేసరికి అంతా మర్చిపోయింది. గది ఏమైందని మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. అప్పుడే విన్నట్టు విని, మళ్ళీ పిల్లల గురించి అడిగింది. ఇవాళ ఆదివారం కూడా అంతే. నన్ను పెద్దదానా అని ఇక పిలవదు, ఆ ఆశ వదిలేశాను. వదిలేశానని రాస్తున్నానే గానీ, తలుపు తీసినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాను. ఆవిడ తలెత్తి "రండి" అంటుంది.

నువ్వు బయలుదేరి రా. కెమెరా వద్దు, ఉత్తరం వద్దు. వచ్చాక నీ కొడుకునని మొదలుపెట్టకు, నమ్మదు. ముందు గది సంగతి చెప్పు, నువ్వే చెప్పు. ఆవిడ ఏం అడుగుతుందో నీకు వినిపించదు, నేను పక్కన కూర్చుని కాగితం మీద రాసి చూపిస్తాను.

పిల్లలిద్దరూ బయటపడ్డారా అని ఇవాళ మూడుసార్లు అడిగింది. నేనొక్కదాన్నే వచ్చి ఇద్దరూ బాగున్నారని చెబుతుంటే, ఆవిడ నా వెనకాల తలుపు వైపు చూస్తోంది.

అక్క